వాన్ గో కుర్చీ: బొమ్మ చూసి ఇలా చేశాను

డచ్ చిత్రకారుడు వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో వేసిన పసుపు కుర్చీ బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. నాకు ప్రాణమైన బొమ్మ. అలాంటి కుర్చీ చేద్దామంటే కొలతలతోనే టెన్షన్. కుర్చీని పైనుంచి చూస్తున్నట్టు వేశాడాయన, బొమ్మ మీద స్కేలు పెడితే ఏదీ కుదరదు. అందుకే సీటు ఎత్తు 45 సెంటీమీటర్లని ఖాయం చేసుకుని, మిగతావన్నీ అట్టముక్కలతో నమూనా కట్టి సరిచూసుకున్నాను.

అసలు పని కాళ్లని కలిపే అడ్డకర్రలు ఊగకుండా బిగించడం. యూరప్ పల్లె వడ్రంగుల పాత ఉపాయమే పనికొచ్చింది: అడ్డకర్రలు బాగా ఎండినవి, కాళ్లు కాస్త పచ్చివి. కాలు ఆరేకొద్దీ రంధ్రం బిగుసుకుని కర్ర కొనను పట్టేస్తుంది. ముందువైపు అడ్డకర్రకీ పక్క అడ్డకర్రలకీ కాలిలో రంధ్రాలు ఒకే ఎత్తులో మాత్రం తొలవకండి, అక్కడ కాలు బలహీనపడుతుంది.

సీటుకి జమ్ము ఆకులు నానబెట్టి, తాడులా పేనుతూ మూల నుంచి మూలకి చుట్టుకుంటూ లోపలికి వచ్చాను. నాలుగు త్రికోణాలు మధ్యలో కలిసినప్పుడు ఎంత ముచ్చటగా ఉందో!

పసుపు రంగు వేయలేదు. లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పట్టించానంతే. ఆ చెక్క చారల్ని కప్పెయ్యడానికి మనసు రాలేదు.