చెరువులో మినరల్స్ లెక్క – 4వ పాఠం: బస్తా మీది 60

ఈసారి మెగ్నీషియం చెప్తానన్నాను. కానీ పొటాషియం లోటు గురించిన మూడో పాఠం చదివి పొటాష్ వేసిన రొయ్యల రైతులు చాలామంది ఒకటే అంటున్నారు: "లెక్క ప్రకారమే వేశాం, ల్యాబ్ రిపోర్టులో పొటాషియం అంత పెరగలేదు." భీమవరం వైపు ఒకాయన లెక్క రాసిన కాగితం చూపిస్తే తప్పెక్కడో దొరికింది. అది సరిచేయకుండా ముందుకెళ్లడం నాకిష్టం లేదు.

సెలినిటీని, అంటే పీపీటీల్లో (లీటరుకు గ్రాములు) కొలిచే నీటి ఉప్పదనాన్ని, 10.7తో గుణిస్తే కావాల్సిన పొటాషియం వస్తుంది. 5 పీపీటీ బోరు నీటికి సుమారు 54 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు). రిపోర్టులో 34 ఉంటే లోటు 20. ఎకరం చెరువులో 4 అడుగుల నీరుంటే దాదాపు 49 లక్షల లీటర్లు, అంటే 98 కిలోల పొటాషియం పడాలి. ఇక్కడిదాకా అందరిదీ కరెక్టే.

తర్వాత ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్) బస్తా మీద 60 శాతం చూసి, 163 కిలోలు చాలనుకున్నారు. ఆ 60 పొటాషియం కాదు, కే2ఓ, అంటే పొటాషియం ఆక్సైడ్. ఎరువుల బస్తాల మీద పొటాష్‌ను ఆ రూపంలోనే రాస్తారు. కే2ఓలో పొటాషియం 83 శాతమే. 60ని 0.83తో గుణిస్తే 50. అంటే 50 కిలోల బస్తాలో ఉన్నది 25 కిలోలు, 30 కాదు. కావాల్సింది 196 కిలోలు, దాదాపు 4 బస్తాలు. ఎస్ఓపీ (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) బస్తా మీద 50 ఉంటే అందులో పొటాషియం 41.5 శాతం అనుకోండి. మినరల్ మిక్స్ ప్యాకెట్ మీద ఆ శాతం దేనిదో రాయకపోతే నేను కొనను.

లెక్క సరిగా ఉన్నా కొంత తగ్గుతుంది, చెరువు అడుగు బంకమట్టి పొటాషియాన్ని పట్టేసుకుంటుంది. అందుకే నేను ఒకేసారి వేయను. రాత్రి డ్రమ్ముల్లో నానబెట్టి, ఏరేటర్లు తిరుగుతుండగా రోజుకో బస్తా చొప్పున చల్లిస్తాను.

"హార్డ్‌నెస్ (నీటి కాఠిన్యం) 2000 ఉందండీ, మినరల్స్‌కి లోటేంటి?" అని ఇంకా అడుగుతున్నారు. హార్డ్‌నెస్‌లో కాల్షియం, మెగ్నీషియం మాత్రమే ఉంటాయి. పొటాషియం అందులో కనపడదు.

మినరల్స్ లోటు రొయ్యలోనూ కనపడుతుంది. చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తినప్పుడు ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని చూడండి. తోక కిందికి ముడుచుకుపోయి, వేలితో సాగదీసినా మళ్లీ ముడుచుకుంటుంటే, వెనక కండ తెల్లబడి ఉంటే, రెండో రోజు దాకా ఆగకుండా నీళ్లు ల్యాబ్‌కి పంపండి.

అభ్యాసం: గుర్తులు వేసిన కర్రతో చెరువులో 20 చోట్ల లోతు కొలిచి సగటు తీయండి. "నాలుగడుగులుంటుందిలే" అని రాయొద్దు. ఆ సగటుతో మీ లోటు లెక్కకట్టి పొటాష్ వేసి, ఆఖరి బస్తా తర్వాత ఏడో రోజు నీళ్లు మళ్లీ పరీక్ష చేయించండి. రెండు రిపోర్టులూ పక్కన పెట్టుకుంటేనే మెగ్నీషియం పాఠం అర్థమవుతుంది.