స్టీలు గిన్నెల మీద పేర్లు వేసే ముందు

• కళ్లద్దాలు పెట్టుకోండి. లేచే లోహపు రజను కంట్లో పడితే నలపకుండా నీళ్లతో కడగాలి.

• పేర్లు చెక్కే మెషిన్ వైరు చిట్లిందేమో చూడండి. తడి చేతులతో మెషిన్ ముట్టొద్దు.

• ముందు మార్కర్‌తో రాసి, గిన్నె తెచ్చినవాళ్ల చేతే చదివించండి. ఇంటిపేరు, దీర్ఘం, పొల్లు, పెళ్లి తేదీ అన్నీ చూసి వాళ్లు సరే అన్నాకే మెషిన్ మొన ఆనించాలి. చెక్కిన గీత చెరగదు, తప్పు పడితే ఆ ఇంట్లో ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది.

• గిన్నె కదలకుండా కింద మడతపెట్టిన గోనెసంచి వేయండి. పల్చటి గ్లాసైతే లోపల గుడ్డ కుక్కాలి, లేకపోతే సొట్ట పడుతుంది.

• పేరు బయటివైపే. నాన్‌స్టిక్ పూత జోలికి వెళ్లొద్దు.

• గట్టిగా ఒత్తకండి. మన అక్షరాలన్నీ ఒంపులే, మొన జారేది అక్కడే.

• మెషిన్ వేడెక్కినా, చెయ్యి తిమ్మిరెక్కినా కాసేపు ఆపండి.