మెడ అరిగిందంటున్నారా? అసలు తల ఎప్పుడు తిరుగుతోందో ముందు చూడండి

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికెళ్లే మా పిన్నికి కళ్లు తిరుగుతున్నాయంటే ఎక్స్‌రే తీయించాం. మెడ ఎముకలు అరిగాయన్నారు, అంతే, ఇక ఏమొచ్చినా ఆవిడ మెడనే తిట్టడం మొదలుపెట్టింది. కానీ 60 దాటితే ఏ బాధా లేనివాళ్లలో కూడా చాలామందికి ఆ ఫిల్మ్ అలాగే ఉంటుంది.

మెడలో 7 ఎముకలుంటాయి. వయసుతో మధ్యనున్న డిస్కుల్లో నీరు తగ్గి పలచబడతాయి, ఎముక అంచులు ముళ్లలా పెరుగుతాయి, చుట్టూ కండరాలు బిగుసుకుంటాయి. తల ఎటు తిరిగి ఉందో మెదడుకి చెప్పేది కళ్లు, లోపలి చెవి, వాటితోపాటు ఈ మెడ కీళ్లు, కండరాలు. మెడ తప్పుడు కబురు పంపితే మిగతావాటితో పొంతన కుదరక పడవలో నిలబడ్డట్టు తూలుగా ఉంటుంది. మెడ పైభాగంలోని 3 నరాలూ, ముఖానికి వెళ్లే నరమూ ఒకే చోటికి చేరతాయి కాబట్టి మెడలో పుట్టిన నొప్పి తల వెనక నుంచి నుదుటికీ కంటికీ పాకుతుంది. తల దిమ్ము అంటాం చూడండి, అదన్నమాట.

మెడ పట్టేసిన రోజే, మెడ కదిపినప్పుడే తూలుతుంటే మెడను అనుమానించొచ్చు. మంచం మీద పక్కకి ఒత్తిగిలగానే గదంతా గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతే అది ఎక్కువగా చెవి సమస్య, ఈఎన్‌టీ డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పి సరిచేస్తారు. లేచి నిలబడగానే వస్తే బీపీ, రక్తం తక్కువ కావడం, వాడే మాత్రలు చూపించుకోండి. పిన్నికి చివరికి తేలింది చెవే! తల దిమ్ము మాత్రం మెడదే.

దానికి మేం చేసిందల్లా ఒళ్లో ఉండే చాటను ఎత్తు పీట మీదకి మార్చడం, అరగంటకోసారి లేపడం. గోడకి ఆనుకుని గడ్డం లోపలికి లాక్కుని 5 సెకన్లు ఆపడం, రోజూ 10 సార్లు. రెండేసి తలగడలు మానేసింది. కాలర్ డాక్టర్ చెప్పకుండా నెలల తరబడి పెట్టుకుంటే కండరాలు బలహీనపడతాయి. సెలూన్‌లో మెడ విరిపించుకోవడం మాత్రం అస్సలు వద్దు, రక్తనాళం చీరి పక్షవాతం వచ్చే ప్రమాదముంది.

జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతున్నా, నడక తేడాగా ఉన్నా వెన్నుపాము నొక్కుకుంటోందేమో, ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. తల తిరుగుతూ మాట ముద్దయినా, మూతి వంకరపోయినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒక పక్క చెయ్యి కాలు పట్టు తప్పినా మెడ గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ కొట్టండి.