కప్పు గెలిచిన మరుసటి ఏడాది జట్టు వెంట ఎలా ఉండాలి

మెల్‌బోర్న్ పడమటి వైపు ఫుట్‌స్క్రే నుంచి టార్నీట్, వెర్రిబీ దాకా మనవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. కొత్తగా వచ్చినవాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు, "అక్కా, ఈ ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) చూడ్డం ఎక్కడ మొదలుపెట్టాలి?" అని. నేనైతే ముందు మీరుండే పేట జట్టును పట్టుకోమంటాను. అది కప్పు గెలిచిందా, ఆ మరుసటి ఏడాది మ్యాచ్‌లు మాత్రం వదలొద్దు. ఈ ఆట లోపల ఏం జరుగుతుందో నాకు తెలిసింది అలాంటి ఏడాదిలోనే, 2017లో.

నాది ఒంగోలు. ఫుట్‌స్క్రే దగ్గర ఒక వృద్ధుల హోమ్‌లో పనిచేస్తాను. మా జట్టు వెస్టర్న్ బుల్‌డాగ్స్. 2016లో పట్టికలో ఏడో స్థానంలో ఉండి ఫైనల్స్‌లోకి, అంటే పై జట్లు కప్పు కోసం ఆడే ఆఖరి మ్యాచ్‌ల్లోకి వచ్చారు. అక్టోబర్ 1న సిడ్నీని 22 పాయింట్లతో ఓడించి, 62 ఏళ్ల తర్వాత కప్పు ఇంటికి తెచ్చారు. ఆ సాయంత్రం మా హోమ్ టీవీ గదిలో ఒక పెద్దాయన ఆట అయ్యేదాకా నా చెయ్యి వదల్లేదు. 1954లో గెలిచినప్పుడు ఆయన స్టేడియంలో నిలబడి చూశాడట. ఆయన్ని నేను తాత అనే పిలిచేదాన్ని. ఇక్కడ రాసేదాంట్లో సగం ఆయన నేర్పిందే.

ముందుగా ఒక నోటుబుక్కు కొనండి. ఫోన్లో అన్నీ దొరుకుతాయి, నిజమే. కానీ చేత్తో రాస్తేనే మనసుకు ఎక్కుతుంది. నడిమి రెండు స్తంభాల మధ్య నుంచి కాలితో తన్నిన బంతి పోతే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల సందున పోతే బిహైండ్, 1 పాయింటు. స్కోరు ఇలా రాస్తారు: 13.11 (89). అంటే 13 గోల్స్, 11 బిహైండ్లు, మొత్తం 89. 2016 ఫైనల్లో మా స్కోరు అదే. సిడ్నీది 10.7 (67).

నా నోటుబుక్కు మొదటి పేజీలో తాత వణికే చేత్తో 1954 స్కోరు రాశాడు (అప్పట్లో మా జట్టు పేరు ఫుట్‌స్క్రే): ఫుట్‌స్క్రే 15.12 (102), మెల్‌బోర్న్ 7.9 (51). "సరిగ్గా రెట్టింపు, చూశావా" అన్నాడు. దాని కింద 1955 అని వేసి, పక్కన ఏమీ రాయకుండా పెన్ను నా చేతిలో పెట్టాడు. అప్పట్లో ఫైనల్స్‌కి నాలుగు జట్లే వెళ్లేవి. ఛాంపియన్లుగా ఆడిన ఆ ఏడాది ఫుట్‌స్క్రే ఆ నాలుగింటిలో లేదు.

వీలైతే క్లబ్ సభ్యత్వం తీసుకోండి. ఏటా ఒకే సీటు దొరికితే చుట్టుపక్కలవాళ్లు చుట్టాలైపోతారు. హోమ్ మ్యాచ్‌లు ఎక్కువగా డాక్‌ల్యాండ్స్ స్టేడియంలో ఉంటాయి. అప్పుడు దాని పేరు ఎతిహాద్, ఇప్పుడు మార్వెల్. ఫుట్‌స్క్రేలో రైలెక్కి సదరన్ క్రాస్‌లో దిగితే నడిచి వెళ్లిపోవచ్చు. మొదటి హోమ్ మ్యాచ్‌కి మాత్రం బాగా ముందే చేరండి. గెలిచిన జట్టు జెండా ఎగరేసేది ఆ రోజే. 2017లో మాకు ఆ రోజు ఎదురుగా ఉన్నది మళ్లీ సిడ్నీయే. మళ్లీ గెలిచాం.

అక్కడితో పండగ అయిపోయిందనుకోండి. ఇక పని మొదలు.

మామూలుగా గురువారం సాయంత్రం జట్టును ప్రకటిస్తారు. ఎవరు లోపలికి వచ్చారు, ఎవరు బయటికి వెళ్లారు, ఎందుకు, ఈ మూడూ రాసుకోండి. నాలుగైదు వారాలు రాస్తే, ఓడాక "వీళ్లకి పొగరెక్కింది" అనే మాట మీ నోట రాదు. తొడ కండరం పట్టేసినవాడు, మోకాలు దెబ్బతిన్నవాడు, వాడి స్థానంలో మొదటిసారి దిగిన కుర్రాడు, అందరూ మీ పేజీలోనే ఉంటారు.

ఆ ఏడాది టామ్ బాయ్డ్ మానసిక ఆరోగ్యం కోసం ఆట నుంచి కొంతకాలం పక్కకు తప్పుకున్నాడు. ఫైనల్లో మూడు గోల్స్ కొట్టిన కుర్రాడు. తర్వాత 2019లో, 23 ఏళ్లకే పూర్తిగా ఆట మానేశాడు. అలాంటి పేరు వచ్చినప్పుడు మీ పక్కన పిల్లలుంటే, మోకాలు దెబ్బ గురించి చెప్పినంత మామూలుగా చెప్పండి. నేను మా అబ్బాయికి అలాగే చెప్పాను. "అయితే రెస్ట్ తీసుకోవాలి కదమ్మా" అన్నాడు, అంతే.

ఇక మైదానంలో. బంతి వెంట చూపు పరిగెత్తడం మామూలే, కానీ ఒక్క క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) బంతిని వదిలేయండి. ఒకే ఆటగాణ్ని ఎంచుకుని, బంతి ఎక్కడున్నా అతన్నే చూడండి. నేను జేసన్ జోహానిసెన్‌ను ఎంచుకున్నాను. 2016 ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ అతనిదే. వెనక వరుస నుంచి బంతి అందుకుని బాణంలా దూసుకుపోయేవాడు. 2017లో అతనికి నీడలా ఒక మనిషిని పెట్టడం మొదలుపెట్టారు. దీన్ని ట్యాగింగ్ అంటారు. పైన సీట్లోంచి చూస్తే అంతా కనిపించేది: బంతి అటు చివర ఉన్నా ఇటు ఒకడు ఇతని మోచెయ్యి పట్టుకునే ఉంటాడు, ఇతను రెండడుగులు వేస్తే వాడూ రెండడుగులు వేస్తాడు. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఇంట్లో కూర్చుంటే ఇదంతా కనబడదు. కప్పు గెలిచిన జట్టుకు జరిగేది ఇదే. మిగతా 17 క్లబ్బులూ వేసవంతా వీళ్ల వీడియోలే చూసి వస్తాయి.

రూల్సు కూడా మారుతుంటాయి, సీజన్‌కు ముందు చదువుకోండి. బంతి పైకి వేసినప్పుడు ఇద్దరు రక్‌మెన్ (ఎగిరి బంతిని తమవాళ్లకి తట్టే పొడుగు ఆటగాళ్లు) ఎగురుతుంటే మూడోవాడు వచ్చి కొట్టడం మావాళ్లు బాగా వాడుకున్న ఎత్తు. 2017కి దాన్ని నిషేధించారు.

సీజన్‌లో ఒక్కసారైనా ఊరు దాటి వెళ్లండి. 2017 ఆగస్టులో బల్లారట్‌లో మొదటిసారి పాయింట్ల మ్యాచ్ పెట్టారు, పోర్ట్ అడిలైడ్‌తో. ఫుట్‌స్క్రేలోనే వీ/లైన్ (V/Line) అనే దూరపు ఊళ్ల రైలు ఎక్కవచ్చు. చలి ఎముకల్లోకి దిగుతుంది, ఉన్ని టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి. పులిహోర డబ్బా తీసుకెళ్తే చల్లారినా రుచిగానే ఉంటుంది. ఓడిపోయాం. అయినా ఆ ప్రయాణం నాకిష్టం.

జులై వచ్చేసరికి లెక్కలు మొదలవుతాయి. గెలిస్తే 4 పాయింట్లు, సమమైతే 2. పాయింట్లు సమానమైతే పర్సెంటేజీ చూస్తారు: మనం చేసినవాటిని ఎదుటివాళ్లు చేసినవాటితో భాగించి వందతో హెచ్చించాలి. 2017 మొదటి రౌండ్లో కాలింగ్‌వుడ్‌ను 100–86తో ఓడించాం, అప్పటికి మా పర్సెంటేజీ 116.3. ఈ దశాంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ ఏడాది వెస్ట్ కోస్ట్, మెల్‌బోర్న్ రెండూ 12 గెలుపులతో ఆగాయి. సుమారు అర శాతం తేడాతో వెస్ట్ కోస్ట్ ఎనిమిదోదై ఫైనల్స్ ఆడింది, మెల్‌బోర్న్ ఇంట్లో కూర్చుంది. మాకు 11 గెలుపులు, 11 ఓటములు, పదో స్థానం. 2009లో హాథార్న్ తర్వాత, ఛాంపియన్ జట్టు ఫైనల్స్‌కి వెళ్లకపోవడం మళ్లీ అప్పుడే.

ఇలా తేలిపోయాక చాలామంది చివరి మ్యాచ్ టికెట్టు వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఇవ్వొద్దు. ఆ శుక్రవారం రాత్రి హాథార్న్‌తో మ్యాచ్ మా బాబ్ మర్ఫీకి ఆఖరి ఆట, 312వది. కెప్టెన్ అయ్యుండి 2016లో మోకాలి దెబ్బతో ఫైనల్ ఆడలేకపోయాడు. కప్పు ఇచ్చే వేదిక మీదకు కోచ్ లూక్ బెవరిడ్జ్ అతన్ని పిలిచి, తన మెడలోని మెడల్ తీసి అతని మెడలో వేశాడు. అలాంటి మనిషి వెళ్లిపోతుంటే సీటు ఖాళీగా ఉండకూడదు. అటువైపు లూక్ హాడ్జ్‌కు కూడా హాథార్న్ తరఫున అదే చివరిది. ఓడిపోయాం. నేను కదల్లేదు.

మర్నాడు డ్యూటీకి వెళ్లి ఆ పేజీ తాతకు చదివి వినిపించాను. స్కోరు దగ్గర ఆపమన్నాడు. "మర్ఫీ బయటికి వెళ్లేటప్పుడు మనవాళ్ల వైపు చూశాడా?" అని అడిగాడు. చూశాడని చెప్పాను. రాశావా అన్నాడు. రాయలేదు. అప్పుడు రాశాను. మీరు సైరన్ మోగగానే రైలుకని లేవకండి, అది కూడా రాసుకుని లేవండి. పావుగంటలో ఇంకో రైలు వస్తుంది.