టచ్ టేబుల్ ప్రదర్శన హాలులో మొరాయిస్తే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ల్యాబ్‌లో వారాల తరబడి చక్కగా పనిచేసిన మల్టీటచ్ టేబుల్ (ఒకేసారి అనేక స్పర్శలను గుర్తించే టేబుల్), ప్రదర్శన హాలులో పెట్టగానే తాకని చోట స్పందించడం, తాకిన చోట స్పందించకపోవడం ఈ రంగంలో ఉన్నవారందరికీ పరిచయమే. అలాంటప్పుడు చాలామంది వెంటనే కోడ్ తెరుస్తారు. అడుగున కెమెరా, బొమ్మ వేసే ప్రొజెక్టర్ ఉండే టేబుళ్ల విషయంలో అది సాధారణంగా వృథా శ్రమే అవుతుంది, ఎందుకంటే లోపం ఎక్కువగా వెలుతురులోనే ఉంటుంది. అందువల్ల, కెమెరా చిత్రం నుంచి స్పర్శలను గుర్తించే ట్రాకర్ సాఫ్ట్‌వేర్‌లో కనిపించే ముడి కెమెరా చిత్రాన్ని ముందు చూసి, అందులో వేలికొనలు స్పష్టమైన తెల్లని చుక్కలుగా కనిపిస్తున్నాయని నిర్ధారించుకున్న తరువాతే ప్రోగ్రామ్ జోలికి వెళ్లాలి.

ఈ టేబుళ్లు ప్రధానంగా రెండు రకాలు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఉండగా జెఫ్ హాన్ 2005లో ప్రచురించిన పద్ధతిలో, యాక్రిలిక్ పలక అంచుల నుంచి పంపిన పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి సంపూర్ణాంతర పరావర్తనం చెందుతూ పలక లోపలే ఉండిపోతుంది. వేలు ఆనిన చోట మాత్రమే అది చెదిరి, కింద ఉన్న కెమెరాకు కనిపిస్తుంది. రెండో పద్ధతిలో పరారుణ కాంతిని కింది నుంచి ఉపరితలమంతటా పరుస్తారు; పైన ఆనిన వేలు గానీ వస్తువు గానీ దానిని తిప్పికొట్టి కెమెరాకు కనిపిస్తుంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో రూపొందిన రియాక్టేబుల్ అనే సంగీత వాద్యం, అడుగున గుర్తులు అతికించిన వస్తువులను ఇలాగే గుర్తిస్తుంది. వీటిలో మీది ఏ రకమో దృష్టిలో పెట్టుకుని కింది విషయాలు చదవండి.

సమస్య: ఎవరూ తాకకపోయినా స్పర్శలు నమోదవుతున్నాయి

దీనికి ప్రధాన కారణం బయటి పరారుణ కాంతి. సూర్యకాంతిలోనూ, హాలోజెన్ దీపాల వెలుగులోనూ అది పుష్కలంగా ఉంటుంది; ఎల్ఈడీ దీపాలు, ట్యూబ్‌లైట్లు మాత్రం దాదాపు ఇబ్బంది పెట్టవు. ఉదయం బాగానే ఉన్న టేబుల్ సాయంత్రానికి చెడితే, పడమటి కిటికీని అనుమానించాలి. నిర్ధారణ సులభం: టేబుల్ లోపలి పరారుణ ఎల్ఈడీలను ఆపేసి, కెమెరా చిత్రాన్ని చూడండి. అప్పటికీ తెల్లని మచ్చలు మిగిలి ఉంటే అవి బయటి నుంచి వస్తున్నవే.

టేబుల్‌ను కిటికీకి దూరంగా జరపడం, పైనున్న హాలోజెన్ దీపాన్ని పక్కకు తిప్పించడం, హాలు దీపాలన్నీ వెలిగాక ట్రాకర్‌లో నేపథ్య చిత్రాన్ని (ఎవరూ తాకనప్పటి చిత్రాన్ని) మళ్లీ తీసుకోవడం మొదట చేయవలసిన పనులు. తరువాత ఫిల్టర్ చూసుకోవాలి. వెలుతురు సోకిన ఫొటో నెగటివ్ ముక్కను ఫిల్టర్‌గా వాడే చవకైన పద్ధతి ఒకటుంది. అది ప్రొజెక్టర్ బొమ్మను కెమెరాకు కనిపించకుండా ఆపుతుంది గానీ, పరారుణ కాంతిని మొత్తంగా రానిస్తుంది కనుక ఎండ నుంచి కాపాడలేదు. మీ ఎల్ఈడీలు 850 నానోమీటర్లవైతే, ఆ పరిధిని మాత్రమే రానిచ్చే బ్యాండ్‌పాస్ ఫిల్టర్ కొనడమే మేలు. ప్రదర్శనకు పెట్టే టేబుల్‌లో ఆ ఖర్చు దగ్గర పొదుపు చేయకూడదని నా అభిప్రాయం. థ్రెషోల్డ్ (స్పర్శగా లెక్కించడానికి కావలసిన కనీస ప్రకాశం) పెంచడం చివరి మార్గం మాత్రమే, ఎందుకంటే దానివల్ల మచ్చలతో పాటు మెల్లగా తాకినవారి స్పర్శలు కూడా పోతాయి.

మచ్చలు వేలిముద్రల ఆకారంలో ఉంటే అది చేతుల జిడ్డు. మెత్తని గుడ్డను సబ్బు నీటితో తడిపి తుడవాలి. అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు, ఆల్కహాల్ యాక్రిలిక్‌పై సన్నని పగుళ్లు తెప్పిస్తాయి.

సమస్య: కొందరు తాకితే పనిచేస్తుంది, కొందరు తాకితే పనిచేయదు

ఏసీ హాలులో ఆరిపోయిన వేళ్లు యాక్రిలిక్‌కు పూర్తిగా అంటుకోవు; మొదటి పద్ధతిలో ఆ అంటుకోవడమే కీలకం. ఒక వేలిని కాస్త తడిపి తాకి చూస్తే కారణం తేలిపోతుంది. పలకపై పలుచని సిలికాన్ పొర వేయడమే శాశ్వత పరిష్కారం.

స్పందన లేనిది మనుషులను బట్టి కాకుండా ఒక ప్రాంతంలోనే అయితే ఎల్ఈడీల వరుసను చూడాలి. సాధారణంగా 12 వోల్టుల సరఫరాపై ఏడు ఎల్ఈడీలను ఒకే శ్రేణిలో కలుపుతారు. ఒక్కొక్కటి 1.5 వోల్టులు తీసుకుంటే మొత్తం 10.5 వోల్టులు అవుతుంది; మిగిలిన 1.5 వోల్టులకు 15 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 100 మిల్లీయాంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. ప్రయాణపు కుదుపులకు ఒక్క టంకం ఊడినా ఆ వరుస ఏడూ ఆరిపోతాయి. ఈ వెలుగు కంటికి దాదాపు కనిపించదు కానీ, చాలా ఫోన్ల ముందు కెమెరాలో లేత ఊదా రంగులో కనిపిస్తుంది. ఫోన్‌ను పలక అంచు వెంట నడిపిస్తే చీకటి వరుస ఎక్కడుందో నిమిషంలో తెలుస్తుంది.

సమస్య: వేలు కదల్చకుండా ఉంచితే స్పర్శ మాయమవుతోంది

ట్రాకర్‌లో నేపథ్యాన్ని నిరంతరం సవరించే అమరిక వేగం ఎక్కువగా ఉంటే, నిలకడగా ఉన్న వేలిని కూడా అది నేపథ్యంగానే భావిస్తుంది. ఆ వేగాన్ని బాగా తగ్గించండి, లేదా ఆపేయండి.

సమస్య: జనం గుమిగూడగానే అంతా గందరగోళం

ఇందులో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఎక్కువ చేతులు వాలినప్పుడు చిత్రం మొత్తంగా ప్రకాశవంతమై, కెమెరా తనంతట తానే ఎక్స్‌పోజర్ తగ్గించుకోవడం వల్ల బలహీనమైన స్పర్శలు రాలిపోవడం మొదటిది. ఎక్స్‌పోజర్, గెయిన్ (కెమెరా సంకేతాన్ని పెంచే మోతాదు) రెండింటినీ మాన్యువల్‌లో స్థిరపరిస్తే అది తీరుతుంది. మోచేతులు, టీ గ్లాసులు స్పర్శలుగా నమోదు కాకుండా మచ్చ పరిమాణానికి గరిష్ఠ పరిమితి కూడా పెట్టాలి.

రెండోది రూపకల్పనకు సంబంధించినది. ఇద్దరు పిల్లలు ఒకే ఫొటోను చెరో వైపు నుంచి లాగితే, ప్రోగ్రామ్ దానిని ఒకే మనిషి రెండు వేళ్లతో పెద్దది చేస్తున్నట్టు అర్థం చేసుకుంటుంది. ఫొటో టేబులంతా పరుచుకుని మిగిలినవారి పనిని కప్పేస్తుంది. మిత్సుబిషి పరిశోధనశాల 2001లో చూపిన డైమండ్‌టచ్, కూర్చున్న కుర్చీ ద్వారా అందే సంకేతంతో ఎవరు తాకారో చెప్పగలిగింది, కానీ కెమెరాకు ఆ శక్తి లేదు. కాబట్టి రెండు స్పర్శలూ జానెడు దూరంలో, దాదాపు ఒకే సమయంలో మొదలైతేనే వాటిని జంటగా లెక్కించాలి. ఫొటో పెరగగల పరిమాణానికి కూడా హద్దు పెట్టాలి.

సమస్య: వేలు ఒకచోట, గుర్తు మరొకచోట

తేడా అన్నిచోట్లా సమానంగా ఉంటే కెమెరా గానీ ప్రొజెక్టర్ గానీ కదిలినట్టు. మరలు బిగించి, ప్రొజెక్టర్ వేడెక్కాక మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, అంటే కెమెరా బిందువులను తెరపై బిందువులతో సరిపోల్చాలి. మూలల్లోనే తేడా ఉంటే అది వెడల్పు లెన్స్ తెచ్చే వంకర కనుక క్యాలిబ్రేషన్ బిందువులను పెంచాలి. కుడి ఎడమలు తారుమారైతే, కింది నుంచి చూసే కెమెరా చిత్రాన్ని అద్దంలోలా కుడి ఎడమలు మార్చితే (ఫ్లిప్ చేస్తే) చాలు. ప్రొజెక్టర్ కీస్టోన్‌ను (బొమ్మ వాలును సరిచేసే అమరికను) తరువాత ఎవరు ముట్టుకున్నా ఈ పని మొదటికొస్తుంది.

సమస్య: ట్రాకర్‌లో స్పర్శ ఉంది, అప్లికేషన్‌కు చేరడం లేదు

కోడ్ వైపు చూడవలసిన సమయం ఇదే. కమ్యూనిటీ కోర్ విజన్, రియాక్టివిజన్ వంటి ట్రాకర్లు స్పర్శల సమాచారం కోసం ఏర్పడిన ట్యూయో (TUIO) ప్రోటోకాల్‌లో, మామూలుగా యూడీపీ (చేరిందో లేదో సరిచూడకుండా సందేశాలు పంపే నెట్‌వర్క్ పద్ధతి) 3333 పోర్టుకు సమాచారం పంపుతాయి. ఆ పోర్టును మునుపటి ప్రోగ్రామ్ వదలకుండా పట్టుకుని ఉందా, ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా అన్నవి చూడాలి. వేలు తీసినా గుర్తు తెరపైనే నిలిచిపోతుంటే, మీ ప్రోగ్రామ్ అలైవ్ సందేశాన్ని సరిగా పాటించడం లేదన్నమాట. యూడీపీలో సందేశాలు దారిలో పోవచ్చు కాబట్టే, ఇప్పుడు ఉన్న స్పర్శల జాబితాను ఆ సందేశం పదే పదే పంపుతుంది. జాబితాలో లేని ప్రతి స్పర్శనూ వెంటనే తొలగించాలి. బ్రౌజర్ పేజీ యూడీపీని నేరుగా వినలేదు కనుక మధ్యలో ఆ సందేశాలను బ్రౌజర్‌కు అందించే వెబ్‌సాకెట్ వంతెన అవసరం.

సమస్య: గుర్తు వేలి వెనకాలే ఈడ్చుకుంటూ వస్తోంది

సెకనుకు 30 ఫ్రేముల కెమెరా ఒక్కో చిత్రానికే 33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ప్లేస్టేషన్ ఐ కెమెరా 640×480 వద్ద 60 ఫ్రేములు ఇవ్వడం వల్లనే ఈ పనికి అంత పేరు తెచ్చుకుంది. దాని లెన్స్ వెనుక పరారుణాన్ని అడ్డుకునే గాజు ముక్కను తీసేశాక ఫోకస్ జరుగుతుంది, మళ్లీ సరిచేయాలి. ప్రొజెక్టర్‌లో గేమ్ మోడ్ పెట్టి, ట్రాకర్‌లో స్మూతింగ్ (కదలిక వణుకును సరిచేసే అమరిక) తగ్గించాలి. రెండు కెమెరాలు వాడుతుంటే వాటిని ఒకే యూఎస్‌బీ హబ్‌కు కలపకూడదు.

కెమెరా బదులు టీవీపై పరారుణ ఫ్రేమ్ (తెర అంచుల నుంచి కిరణాలు పంపి, అవి ఎక్కడ అడ్డగించబడ్డాయో చూసే చట్రం) బిగించినవారికి వేరే చిక్కు ఉంది. కాంతి కిరణాలు గాజుకు కొద్దిగా పైన ప్రయాణిస్తాయి కనుక, వేలు తాకేలోపే చొక్కా చేయి గానీ చీర కొంగు గానీ వాటిని అడ్డగిస్తుంది. తెరపై బటన్లను ముందు అంచుకు దగ్గరగా పెడితే చేయి అడ్డంగా వాలవలసిన అవసరం తగ్గుతుంది. ఫ్రేమ్ మధ్యమధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంటే, యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లకు మించిందేమో చూసి, విండోస్ పవర్ అమరికల్లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ను (వాడకంలో లేని పరికరాన్ని నిద్రపుచ్చే అమరికను) ఆపేయండి.