యాంటీబయాటిక్ డోసు లెక్కలు – 3వ పాఠం: ఒంటికి నీరు పట్టినప్పుడు వీడీ

పోయిన పాఠంలో క్లియరెన్స్ (ఒళ్లు మందును బయటికి పంపే వేగం) చూశాం. ఈసారి వీడీ, అంటే వాల్యూమ్ ఆఫ్ డిస్ట్రిబ్యూషన్. ఇచ్చిన మందును రక్తంలో కనిపించిన గాఢతతో భాగిస్తే వచ్చే లీటర్లే వీడీ. అన్ని లీటర్ల చోటు ఒంట్లో నిజంగా ఉండనక్కర్లేదు. అజిత్రోమైసిన్‌కి కిలోకు సుమారు 31 లీటర్లు, అంటే 60 కిలోల మనిషిలో 1,800 పైమాటే! మందు రక్తాన్ని వదిలి కణాల్లో దూరిపోతుంది కాబట్టే లెక్క అలా వస్తుంది.

అమికాసిన్ అలా కాదు. ఎక్కువగా కణాల బయటి నీటిలోనే తిరుగుతుంది. మామూలు పెద్దవాళ్లలో కిలోకు 0.25 లీటర్లు. ఆ నీరు పెరిగిందంటే మందు పలచబడిపోతుంది.

కాగితం తీసుకోండి. చంద్రగిరి వైపు నుంచి తిరుపతిలో ఐసీయూకి వచ్చిన 60 కిలోల రైతు అనుకుందాం. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) దాకా పోయింది. బీపీ కోసం సెలైన్ బాగా ఎక్కించారు, కాళ్లూ ముఖమూ ఉబ్బాయి. వీడీ 0.4కి పెరిగిందనుకోండి.

మామూలుగా అయితే 0.25 × 60 = 15 లీటర్లు. కిలోకు 15 చొప్పున 900 మి.గ్రా. ఇస్తే, 900 ÷ 15 = లీటరుకు 60 మి.గ్రా. ఈయనకేమో 0.4 × 60 = 24 లీటర్లు. అదే 900తో వచ్చేది 37.5.

అమికాసిన్ పీక్ (డోసు తర్వాత రక్తంలో చేరే గరిష్ఠ గాఢత) ఎమ్ఐసీకి (ఆ బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస గాఢత) 8 నుంచి 10 రెట్లు ఉండాలి. ఎమ్ఐసీ లీటరుకు 8 మి.గ్రా. అయితే పీక్ కనీసం 64 కావాలి. 64 × 24 = 1,536 మి.గ్రా., కిలోకు 25 పైన. ఐసీయూల్లో 25–30 అని చెప్పే డోసు ఎక్కడిదో ఇప్పుడు మీ కాగితం మీదే ఉంది. (ఇది లెక్క నేర్చుకోవడానికే. రోగికిచ్చే డోసు యూనిట్ ప్రోటోకాల్, బ్లడ్ లెవెల్ చూసి డాక్టరే నిర్ణయించాలి.)

"సార్, క్రియాటినిన్ 3 ఉంది, మొదటి డోసు సగం చేద్దామా?" వార్డులో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది (రక్తంలో క్రియాటినిన్ పెరిగిందంటే కిడ్నీ సరిగా పనిచేయడం లేదని). వద్దు. మొదటి డోసుకు కావలసింది వీడీ. కిడ్నీ మాట రెండో డోసు ఎప్పుడివ్వాలి అన్నప్పుడు వస్తుంది. నన్నడిగితే, ఈ పాఠంలో మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు.

లావుగా ఉన్నవాళ్లలో ఇంకో చిక్కు. కొవ్వులోకి అమికాసిన్ అంతగా పోదు. అందుకని ఉండాల్సిన బరువుకు, అదనపు బరువులో 0.4 వంతు మాత్రమే కలపాలి. బరువును మాత్రం కంటి అంచనాతో రాయకండి. స్ట్రెచర్ మీద వచ్చిన మనిషి బరువు అటెండరుకీ తెలియదు, మీకూ తెలియదు.

అభ్యాసం: చిత్తూరు నుంచి వచ్చిన ఆమె బరువు 100 కిలోలు, ఉండాల్సింది 60. ఒంటికి నీరు పట్టలేదు, వీడీ 0.25. పీక్ 64 రావాలంటే ఎంత మందు?

1,216 మి.గ్రా. వస్తే సరిగ్గా చేసినట్టు. 1,600 వచ్చిందంటే 100 కిలోలతో గుణించేశారు.