వీఆర్ అంటే బెదిరే జనానికి దాన్ని దగ్గర చేయడం ఎలా

వర్చువల్ రియాలిటీ (వీఆర్), అంటే కళ్లకు హెడ్‌సెట్ తొడుక్కొని దృశ్యం నడుమనే ఉన్నట్టు చూడటం, సామాన్యులకు చేరకపోవడానికి ధరే కారణమని చాలామంది అంటారు. 2014లో గూగుల్ ఫోన్‌ను లోపల పెట్టి చూసే, అట్టతో చేసిన కార్డ్‌బోర్డ్ అనే వీఆర్ పరికరాన్ని ఎంతో చవకగా తెచ్చింది; 2021లో దాని అమ్మకాన్ని తానే ఆపివేసింది. కాబట్టి తిరుపతిలో మీరు చిన్న వీఆర్ స్టాలు పెట్టదలచుకుంటే, ధర కన్నా ముందు ఆలోచించవలసింది హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషికి మొదటి ఐదు నిమిషాలు ఎలా గడుస్తాయన్నది.

తొలిసారే రోలర్ కోస్టర్ చూపించకండి. చూసేవారు కేకలు వేస్తారు, చుట్టూ ఉన్నవారు నవ్వుతారు, కానీ కేక వేసిన మనిషి మళ్లీ స్టాలు వైపు రాడు. బండి దూసుకుపోతోందని కళ్లు చెబుతుంటే, ఒళ్లు కదలడం లేదని లోచెవి చెబుతుంది; ఈ రెండింటికీ పొసగకనే కడుపులో తిప్పడం మొదలవుతుంది. అందుచేత మనిషిని తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి, కెమెరా కదలకుండా తీసిన దృశ్యాన్నే మూడు నాలుగు నిమిషాలు చూపించి, "చాలా, ఇంకా చూస్తారా?" అని అడగాలి. మెటా సంస్థ తన క్వెస్ట్ హెడ్‌సెట్లకు కనీస వయసు 10 ఏళ్లని పెట్టింది కనుక, అంతకన్నా చిన్నపిల్లలు ఎంత మారాం చేసినా ఇవ్వకూడదు.

ఏమి చూపించాలన్నప్పుడు ఇక్కడ అందరూ మొదట అడిగేది శ్రీవారి దర్శనమే. తిరుమల ఆలయంలోకి కెమెరాకు ప్రవేశం లేదు. ఉన్నా, కొండ ఎక్కడానికే ఇంత దూరం వచ్చినవారికి బొమ్మ చూపి తృప్తిపరచాలనుకోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. చంద్రగిరి కోటలోని రాజమహల్ మేలు. చిన్నప్పుడు బడి తరఫున వెళ్లి చూసినవారు ఊళ్లో ఎందరో ఉంటారు, వారికి తెలిసిన చోటే కొత్తగా కనబడుతుంది. పురావస్తు శాఖ అనుమతి తీసుకొని, చుట్టూ ఉన్నదంతా రెండు లెన్సులతో ఒకేసారి తీసే 360 డిగ్రీల కెమెరాను కూర్చున్న మనిషి కంటి ఎత్తున, అంటే సుమారు 4 అడుగుల ఎత్తులో నిలపండి. గోడకు గానీ స్తంభానికి గానీ మరీ దగ్గరగా పెడితే, రెండు లెన్సుల బొమ్మలు కలిసేచోట అతుకు తెలిసిపోతుంది. ఇలా తీసినదాన్ని చూస్తూ ఒక అవ్వ చెయ్యి చాచి గాలిలో గోడను తడమడం నేను చూశాను.

తొడగడంలో మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. గుండు చేయించుకొని గంధం పూసుకున్న యాత్రికుడి నెత్తిన పట్టీ బిగిస్తే, గంధమంతా దానికి అంటుకొని, తరువాత పెట్టుకోబోయే ఆవిడ ముఖం చిట్లిస్తుంది. వాడి పారేసే టోపీలు, ముఖపు తొడుగులు మనిషికొకటి చొప్పున ఉంచుకోండి. కొప్పు ఉన్నవారికి వెనుక పట్టీని కొప్పు కిందికి దించండి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, అదంతా ముక్కు మీద పడకూడదు. అక్షరాలు స్పష్టంగా కనబడేదాకా లెన్సుల ఎడం సరిచేసి, ఆ తరువాతే బొమ్మ మొదలుపెట్టండి.

ఇక్కడ ఎవరూ ఒంటరిగా రారు. హెడ్‌సెట్‌ను, టీవీని ఒకే వైఫైకి కలిపి లోపలి దృశ్యాన్ని టీవీలోనూ చూపితే, కాచుకున్న కుటుంబం విసుగుపడదు.

ఒక మే నెల మధ్యాహ్నం నేను హెడ్‌సెట్‌ను కిటికీ పక్కన వెల్లకిలా పెట్టి భోజనానికి వెళ్లాను. లెన్సులు భూతద్దాల్లా ఎండను ఒకచోటికి చేర్చి లోపలి తెరను కాల్చాయి. ఆ మచ్చ ఇక పోలేదు. పక్కన పెట్టిన ప్రతిసారీ లెన్సులను నల్లగుడ్డతో కప్పండి.